మాణిక్యం పేరున్న జంతికల గొట్టం

మా అమ్మ వంటింటిని నేను గోడకి అతికించాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే అతికించాను. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు ముందు హాల్లో ఇరవై అడుగుల ఉక్కు పలక ఉంటుంది. దాని మీద గరిటెలు, అట్లకాడలు, పట్టకార్లు, మూతలు, కత్తిపీట, మొత్తం రెండొందల పన్నెండు సామాన్లు. ఒక్కొక్కటీ నా చేత్తో వెల్డింగ్ చేశాను. కింద రేకు మీద దాని పేరు, 'అమ్మ చెయ్యి'. ఆ కింద నా పేరు, సువర్చల, కొంచెం పెద్ద అక్షరాల్లో.

అప్పట్లో మా కళాకారులందరికీ ఇదే పిచ్చి. నాతో చదివినవాడొకడు పాత చీపుర్లతో ఏనుగుని చేశాడు. ఇంకొకావిడ ప్రెషర్ కుక్కర్ విజిళ్ళు నాలుగొందలు పోగేసి, అన్నీ ఒకేసారి కూసేలా చేసి, చూడ్డానికొచ్చిన జనాన్ని చెవులు మూసుకుని పారిపోయేలా చేసింది. నాకు మాత్రం కొత్త సామాను పనికొచ్చేది కాదు. అరిగినవే కావాలి. అమ్మ చేతిలో అరిగి ఒక పక్కకి ఒరిగిన గరిటె కనిపిస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. కాకినాడ వచ్చినప్పుడల్లా ఒక సంచీ కొత్త సామాను తెచ్చి పడేసి, ఒక సంచీ పాతది పట్టుకుపోయేదాన్ని. పద్నాలుగేళ్ళు అదే వరస. అమ్మ ఒక్కసారీ వద్దనలేదు.

గోడ ప్రారంభం రోజున అమ్మని తీసుకెళ్ళాను. అందరూ ఆవిడ ఏమంటుందా అని చూస్తున్నారు. అమ్మ అటూ ఇటూ నడిచి, ఒక చోట ఆగి, ఆ చిల్లుల గరిటె ఉంటే బాగుండేది, కొత్తదానికి చిల్లులు పెద్దవి, బూంది లావుగా వస్తోంది అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఏ పత్రికవాళ్ళు వచ్చినా ఆ మాట చెప్పేదాన్ని. దాంతోపాటు ఇంకోటి చెప్పేదాన్ని. మా అమ్మ జంతికలు చేసి కొట్లకి వేసి నన్ను చదివించింది, గొట్టం నొక్కీ నొక్కీ కాయలు కాసిన ఆ అరచేతికే ఈ గోడ అంకితం అని. గొంతు కూడా సమయానికి బొంగురుపోయేది.

కిందటేడు ఫిబ్రవరిలో అమ్మకి పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా మిగిలింది, నడక కర్రతో మిగిలింది, కుడిచెయ్యి మాత్రం పోయింది. నేను హైదరాబాదు ఇంటికి తాళం వేసి కాకినాడ వచ్చేశాను. రోజూ అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఆవిడ గోడకేసి చూస్తూ మింగేది. నేను గిన్నెకేసి చూస్తూ పెట్టేదాన్ని. జాలి, దుఃఖం, విసుగు, ఏదో ఒకటి రావాలి కదా. ఏదీ వచ్చేది కాదు. ఒంటికి మత్తు ఇంజెక్షను ఇచ్చి వదిలేసినట్టుండేది.

వ్యాయామం చేయించే అతను చెప్పాడు, చేతిలో బలం ఉందని, దాన్ని ఎలా కదపాలో మెదడు మర్చిపోయిందని. నేర్పేవాళ్ళుంటే నేర్చుకుంటుందని కూడా అన్నాడు. ఎవరు నేర్పుతారని నేను అడగలేదు.

కృపానందం గారి ఫోను ఆ వేసవిలోనే వచ్చింది. ఆయన విశాఖపట్నంలో లోహాల శాస్త్రవేత్త. చర్చికి వెళ్ళినంత శుభ్రంగా ప్రయోగశాలకి వెళ్తారు, ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన జుట్టు. రెండేళ్ళ క్రితం నా గోడ చూడ్డానికొచ్చి, అందరూ పొగుడుతుంటే ఆయనొక్కరే, వీటిని వెల్డింగ్ చేసే ముందు ఎవరైనా పరీక్షించారా అండీ అని అడిగారు. ఎవడో తిక్క మనిషి అనుకుని పక్కకి తప్పుకున్నాను.

ఆయన చేసిన యంత్రం అసలు ఓడల కోసం. ఇరుసు ఎంత అలిసిపోయిందో తెలుసుకోవడానికి. నన్ను పిలిచి, ఒక దర్జీ కత్తెరని చిన్న కొలిమిలాంటి పెట్టెలో పెట్టి, దానికి తగిలించిన తొడుగు నా కుడిచేతికి వేశారు. పెట్టె నెమ్మదిగా వేడెక్కింది. నా వేళ్ళు వాటంతటవే తెరుచుకుని మూసుకోవడం మొదలెట్టాయి. బొటనవేలు గుడ్డ అంచు వెతుక్కుంటోంది. నేనెప్పుడూ గుడ్డ కత్తిరించలేదు. ఎవరో నా చేతిలో దూరి, తీరిగ్గా, పొడుగ్గా జాకెట్టు బట్ట కత్తిరిస్తున్నారు.

పావుగంటలో ఆగిపోయింది. మళ్ళీ వెయ్యమన్నాను.

"ఒక్కసారేనండి," అన్నారు కృపానందం గారు. "ఏళ్ళ తరబడి ఒకే చేతి ఒత్తిడి పడితే లోహం లోపల పొరలు పొరలుగా నిలిచిపోతుంది. వేడి చేస్తే విడుదలవుతుంది. విడుదలయ్యాక ఇంకేం ఉండదు. అప్పుడే పోతపోసినట్టే."

రికార్డు చేసుకోకూడదా అని అడిగాను. చేశారట. దాన్ని మళ్ళీ వేస్తే చెయ్యి కదులుతుంది కానీ మనిషికి ఏమీ తెలియదట. ఎందుకో ఇంకా అంతుపట్టలేదన్నారు.

నాకు వెంటనే ఏం తోచిందో చెప్తాను, నేనెలాంటిదాన్నో తెలియడానికి. ప్రదర్శన తోచింది. చీకటి హాలు, వరసగా తొడుగులు, ఒక్కొక్క దానికి ఒక వస్తువు. వచ్చినవాళ్ళు చెయ్యి దూర్చి ఎవరిదో జీవితం తెలుసుకుని వెళ్ళడం. ఆర్నెల్లు దాని మీదే కూర్చున్నాను. మంగలి కత్తులు, మేదరి కత్తులు, తాపీలు పోగేశాను. పక్క గదిలో కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మా అమ్మ కూర్చునుంది.

కళ్ళు తెరిపించింది మస్తాన్ గారు. ఆ కత్తెర ఆయనదే. ఆయనకీ పక్షవాతమే. ఇంకొక కత్తెర ఇచ్చి, ఈసారి తొడుగు నాకే వెయ్యండి, నా చేతిని నేనొకసారి చూసుకుంటానని సరదాపడ్డారు. వేశారు. పది రోజుల తర్వాత ఆయన సూదిలో దారం ఎక్కించి ప్రయోగశాలకి పట్టుకొచ్చారు. మర్చిపోయిన మెదడుకి చెయ్యి తనే దారి చూపించింది.

ఆ మాట కృపానందం గారు ఫోనులో చెప్తున్నప్పుడు నేను అమ్మకి పెరుగన్నం పెడుతున్నాను. గిన్నె కింద పెట్టేశాను.

కావలసింది అమ్మ చేతిలో పదేళ్ళైనా నలిగిన లోహపు వస్తువు. వంటింట్లోకి వెళ్ళి వెతికాను. అంతా కొత్తదే. రెండేళ్ళ క్రితం నేనే ఆఖరి సంచీ పట్టుకుపోయాను. గోడకి మేకులు చాలా ఉన్నాయి, వాటికి ఏమీ వేలాడటం లేదు.

హైదరాబాదు వెళ్ళి, హోటలువాళ్ళని బతిమాలి, గోడలోంచి మూడు వస్తువులు కోయించాను. ఒక గరిటె, అట్లకాడ, ఆ చిల్లుల గరిటె. కృపానందం గారు ఒక్కొక్కటే పెట్టెలో పెట్టారు. తొడుగు నా చేతికే. గంటసేపు కూర్చున్నాను. ఒక్క వేలు కదల్లేదు. వెల్డింగ్ వేడికి అన్నీ చెరిగిపోయాయని ఆయన చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. రెండొందల పన్నెండూ అంతే. 'అమ్మ చెయ్యి' అని రాసి మరీ చెరిపేశాను.

బయటికొచ్చి టీ తాగాను. ఏడుపు రాలేదు. టీలో చక్కెర ఎక్కువైందని కొట్టువాడితో గొడవ పడ్డాను.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను. తొడుగు సంగతి, మస్తాన్ గారి సంగతి, గోడ సంగతి. ఆవిడ ఎడంచెయ్యెత్తి ఎదురింటి వైపు చూపించింది.

"గొట్టం," అంది.

ఎదురిల్లు గవర్రాజు మావయ్యది. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. అమ్మని అక్కా అని పిలుస్తారు. ఆయన భార్య సత్యవేణి అత్త మూడేళ్ళ క్రితం పోయింది. అమ్మా ఆవిడా కలిసే జంతికలు చేసేవారు. ఆ గొట్టం ఇత్తడిది, బరువైనది, మీద చుక్కలు చుక్కలుగా 'చిక్కాల మాణిక్యం' అని మా అమ్మ పేరు కొట్టించి ఉంటుంది. పదకొండేళ్ళ క్రితం ఎరువు తీసుకుని సత్యవేణి అత్త తిరిగివ్వలేదు. గోడకి కావాలని నేను వెళ్ళి అడిగితే, పుచ్చుకున్న వస్తువు ఖాళీగా ఎలా ఇస్తాను, ఏదైనా చేసినప్పుడు గిన్నెలో పెట్టి పంపిస్తానులే అంది. మళ్ళీ వెళ్ళినా అదే మాట. ఆవిడ పోయేదాకా ఎనిమిదేళ్ళు అడిగాను. పొరుగింటి ఇత్తడి మీద ఆశ పడిందని మనసులో తిట్టుకున్నాను కూడా.

నేను వెళ్ళేసరికి మావయ్య వీధి గదిలో పేపరు చదువుకుంటున్నారు. సంగతి చెప్తే లోపలికెళ్ళి గొట్టం తీసుకొచ్చారు. మేకుకి వేలాడదీసి వారం వారం తుడుస్తున్నారట. మిలమిలా మెరుస్తోంది.

"ఇది మా ఇంట్లో ఉండిపోయింది నీ గురించే అమ్మాయ్," అన్నారు. "నీ చేతికిస్తే గోడకి పెట్టేస్తావని అక్క దాయమంది. ఖాళీగా ఎలా ఇస్తానని నీతో చెప్పి, లోపలికొచ్చి ఇద్దరూ ఒకటే నవ్వు."

నేను కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో తేల్చుకోలేదు. చెప్పాల్సింది చెప్పేశాను. పైన ఎనిమిదేళ్ళూ అత్త చెయ్యి. దాని కింద అంతకు ముందు ఇరవై రెండేళ్ళూ అమ్మ చెయ్యి. కొత్తది ముందు విడుదలవుతుంది, పాతది తర్వాత. అమ్మది కావాలంటే అత్తది పోవాలి. పోయాక ఇది ఉత్త ఇత్తడి.

మావయ్య పేపరు మడత పెట్టారు. తను తొడుక్కుంటే సత్యవేణి చెయ్యి తనకి తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుందన్నాను. ముందు తను తొడుక్కుని, సగంలో అక్కకి మార్చొచ్చా అని అడిగారు. కుదరదన్నాను. వేడి ఆగితే మిగతాది చెదిరిపోతుంది, తొడుగు అమర్చడానికే పది నిమిషాలు పడుతుంది. ఆయన గొట్టాన్ని తువ్వాల్లో చుట్టారు.

"అక్కకే పెట్టండి," అన్నారు. "నేను పక్కన కూర్చుంటాను."

విశాఖపట్నం వెళ్ళేంతసేపూ ముందు సీట్లో ఆ తువ్వాలు మూట ఆయన ఒళ్ళోనే ఉంది. వెనక అమ్మ నిద్రపోయింది. నేను దారిలో బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను.

కృపానందం గారు గొట్టాన్ని పెట్టెలో పెట్టి, తొడుగు అమ్మ చేతికి వేసి, పట్టీలు బిగించారు. ముప్పై ఏళ్ళు రెండు గంటల్లో అయిపోతాయని, నలభయ్యో నిమిషం దగ్గర చెయ్యి మారుతుందని చెప్పారు. నేను ఫోనులో టైము పెట్టుకున్నాను. మావయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

పన్నెండో నిమిషంలో అమ్మ బొటనవేలు లేచింది. పది నెలలుగా ఒళ్ళో చచ్చుబడి ఉన్న చెయ్యి పిడికిలి బిగించి, కిందికి నొక్కి, గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. చివర్న మణికట్టు ఎడమవైపుకి చిన్నగా మెలి తిరిగింది. మళ్ళీ మొదలు.

"ఆ మెలి సత్యవేణిదే," అన్నారు మావయ్య. "పిండి తెగడానికి అలా తిప్పేది. అలా తిప్పకు, మణికట్టు పట్టేస్తుందని ఎన్నిసార్లు చెప్పేనో."

ఆయన తన అరచెయ్యి తీసి తొడుగు మీద పెట్టారు. ఆపడానికి కాదు, ఊరికే పెట్టారు. అమ్మ చెయ్యి తిరుగుతుంటే ఆయన చెయ్యీ దాంతోపాటు తిరిగింది. కళ్ళు మూసుకున్నారు. నేను టైము చూసుకుంటున్నాను.

నలభై నిమిషాలయ్యాయి. కృపానందం గారు ఇక అమ్మగారిది మొదలవ్వాలండి అన్నారు. మావయ్య చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. అమ్మ చెయ్యి నొక్కింది, తిరిగింది, చివర్న ఎడమవైపుకి మెలి తిప్పింది.

కొంచెం అటూ ఇటూ ఉంటుందిలే అనుకున్నాం. యాభై నిమిషాలు. గంట. గంటన్నర. మెలి మెలిలాగే ఉంది. పోనుపోను చెయ్యి చురుగ్గా అయింది, చిన్న వయసు చెయ్యిలా. మావయ్య ఎప్పుడో మళ్ళీ తన చెయ్యి తొడుగు మీద పెట్టేశారు. రెండు గంటల దగ్గర అది రెండు చుట్లు తడబడుతూ తిరిగి, ఒకసారి జారి, ఆగిపోయింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు నొక్కే నొక్కు అది.

కృపానందం గారు తెర మీద గీతలు ముందుకీ వెనక్కీ జరిపి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకే చెయ్యి అండి," అన్నారు. "మొదట్నించి చివరిదాకా ఒక్కటే చెయ్యి. ఇందులో మీ అమ్మగారు లేరు."

గొట్టం మీద పేరు మాత్రం ఉంది. పేరు ఎవరిదో చెయ్యీ వాళ్ళదే అనుకున్నాను. ఆరో తరగతి నుంచీ హాస్టల్లో పెరిగినదాన్ని. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరాడవాళ్ళు పొయ్యి దగ్గర ఉండేవారు. అమ్మ చీర నిండా నూనె వాసన. ఎవరు నొక్కేవారు, ఎవరు వేయించేవారు అని నేనెప్పుడూ చూడలేదు. చూడకుండానే ఇన్నాళ్ళూ దాని గురించి గొంతు బొంగురుపోయేలా మాట్లాడాను.

మావయ్య అమ్మకేసి చూశారు. అమ్మ ఆశ్చర్యపోలేదు. తొడుగు విప్పుతుంటే తన చేతినే చూసుకుంటోంది.

మర్నాడు పొద్దున్న ముద్ద పెడుతూ అడిగాను, నీకు ముందే తెలుసా అని. తెలుసన్నట్టు తలూపింది. గొట్టం ఎప్పుడూ సత్యవేణే నొక్కేదని, తను పిండి కలిపి మూకుడు దగ్గర నిలబడేదని, మాట మాటా కూడబలుక్కుని చెప్పింది. మరి నీ చేతికి పనికిరాదని తెలిసీ అదెందుకు చూపించావన్నాను.

"నావన్నీ నువ్వు... గోడకి పెట్టేసేవుగా," అంది అమ్మ. నిష్ఠూరంగా అనలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. "నా చెయ్యి ఎలాగూ లేదు. దాని చెయ్యయినా... ఉండనీ అని."

నేను ఇంకో ముద్ద కలిపాను. ఆవిడ నోరు తెరిచింది. పెట్టాను.

తొమ్మిదో రోజున అమ్మ కుడిచెయ్యి కదిలింది. అన్నం కలపడానికి కాదు, తల దువ్వుకోవడానికి కాదు, కర్ర పట్టుకోవడానికీ కాదు. అవేవీ ఇవాళ్టిదాకా రాలేదు. పిడికిలి బిగించి, నొక్కి, తిరిగి, చివర్న మెలి తిప్పింది. అంతే నేర్చుకుంది. కృపానందం గారికి ఫోను చేసి చెప్తే ఆయన క్షమించండమ్మా అన్నారు. మీదేముందండి అన్నాను. ప్రదర్శన మానేస్తున్నానని, తెచ్చిన కత్తులూ తాపీలూ వాళ్ళ వాళ్ళకి ఇచ్చెయ్యమని కూడా అప్పుడే చెప్పాను.

బజారు నుంచి కొత్త స్టీలు గొట్టం తెచ్చాను. అమ్మ చెప్తుంటే పిండి నేను కలిపాను. రెండుసార్లు పాడుచేశాను, మూడోసారి కుదిరింది. అమ్మ పీట మీద కూర్చుని గుడ్డ మీద జంతికలు చుట్టింది. నేను తీసి మూకుట్లో వేశాను. నూనె చిట్లి చేతి మీద పడింది. మంట తెలిసింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి తెలిసింది.

పాత గొట్టం తిరిగిచ్చెయ్యాలి. ఖాళీగా ఇవ్వకూడదు. ఒక పెద్ద స్టీలు గిన్నె నిండా జంతికలు పోసి, మధ్యలో గొట్టం పెట్టి, ఎదురింటికి వెళ్ళాను.

మావయ్య ముందు గొట్టం తీశారు. వేడికి ఇత్తడి మీద మెరుపు పోయి నల్లగా మచ్చలు పడ్డాయి. వేలితో ఒకసారి రుద్ది పక్కన పెట్టారు. తర్వాత ఒక జంతిక తీసి, చుట్టు చివర వెతికారు. అక్కడ పిండి ఎడమవైపుకి చిన్నగా మెలి తిరిగి తెగి ఉంది. ఆయన దాన్ని తినలేదు. గిన్నె లోపలికి తీసుకెళ్ళారు. డబ్బా మూత తీసిన చప్పుడు, జంతికలు ఒక్కొక్కటే విరక్కుండా సర్దుతున్న చప్పుడు చాలాసేపు వినిపించాయి. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

బయటికొచ్చి, అక్క రోజూ చుడుతోందా అని అడిగారు. రోజూ పది గంటలకి అని చెప్పాను. రేపట్నుంచి వచ్చి కూర్చోవచ్చా అన్నారు. రండి మావయ్యా అన్నాను. ఆయన తలూపి, అరుగు మీద పెట్టిన గొట్టం తీసి, కడిగిన నా గిన్నెలో పెట్టి నా చేతికిచ్చారు.

"గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదమ్మా," అన్నారు. "ఇప్పుడిది నీ పనికి బాగుంటుంది. గోడకి పెట్టుకో."

వెటకారం కాదు. ఆయనకి వెటకారం రాదు. ఎనిమిదేళ్ళు నేనడిగిన వస్తువు నాకు ఇచ్చేశారు, అంతే.

వీధి దాటి ఇంటికొచ్చాను. వంటింట్లోకెళ్ళి గొట్టాన్ని మేకుకి తగిలించాను. ఆ గోడకి ఇంకా చాలా మేకులున్నాయి. వస్తువు అదొక్కటే. అమ్మ పీట మీద కూర్చుని అటు చూసింది. కుడిచెయ్యి ఒళ్ళో తనంతట తనే తిరుగుతోంది. నేను ఆవిడ ఎదురుగా చతికిలబడి, అన్నం కలిపాను.